ఉద్యానములలో వసంతము: నాటి రాజధాని, నేటి రాజధాని

(ఉగాదినాటి సాయంకాలము మన సంఘసభలో చేసిన ప్రసంగపాఠము)



ఉగాదినాడు వసంతమును గూర్చి మాటలాడుట కవులకును పండితులకును తగిన పని. మేము వర్తకులము. ప్రత్తి ధర యేల తగ్గినదని యడిగినచో నాలుగు మాటలు చెప్పగలము. కోకిలను గూర్చి యడిగినచో తడబడుదుము. అయినను కార్యవర్గమువారు "మీరు సరకు పనిమీద హైదరాబాదునకును బెంగుళూరునకును తిరుగుచుందురు గదా, ఆ నగరములలోని తోటలను గూర్చి చెప్పుడు" అని కోరిరి. మొదట నవ్వితిమి, పిదప ఆలోచించితిమి. ఆ రెండును మనకు రాజధానులే. 1956 నవంబరు 1వ తేదీ వఱకు మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. నాటినుండి మైసూరు రాష్ట్రములో చేరినది. 1973 నవంబరు 1న ఆ రాష్ట్రమునకే కర్ణాటక మను పేరు వచ్చినది. మన తాతలు వసంతకాలమున చూచి వచ్చిన తోట యొకటి. మన బిడ్డలు చూచి వచ్చుచున్న తోట మఱియొకటి. నడుమ నున్న మనము రెండింటిని చూచినవారము.

ఈ విషయమును చేపట్టుటకు మఱియొక కారణము కూడ కలదు. గత సంవత్సరము ఇదే సభలో ఉగాది పచ్చడి పంచుచుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తన నాయనమ్మను "మనము ఇచ్చటివారమా, అచ్చటివారమా?" అని యడిగెను. బడిలో నెవరో వానిని అట్లు అడిగిరట. ఆమె "ముందు పచ్చడి తినుము, ఒలికిపోవును" అని మాట తప్పించెను. మేము ప్రక్కనే నిలిచియుండియు బదులు చెప్పలేకపోతిమి. ఏడాదిగా ఆ ప్రశ్న మా మనస్సులో నున్నది. నేడు తోటల త్రోవను పోయి దానికి బదులు దొరకునేమో చూతము.

మొదట నాటి రాజధాని. మన పెద్దలు హైదరాబాదునకు పోవలెనన్నచో రాయచూరులో బండి యెక్కి, వాడి జంక్షనులో దిగి, అచట నిజాము రైలు నెక్కి పోయెడివారు. నాంపల్లి స్టేషను 1907లో కట్టబడినది. స్టేషను వెలుపలికి వచ్చి కొంచెము నడచినచో 1846లో ఏర్పడిన తోట కనబడును. దానిని మన పెద్దలు 'బాగే ఆం' అనెడివారు. ఇప్పటివారు పబ్లిక్ గార్డెన్సు అనుచున్నారు. రెండు పేర్లకును అర్థమొక్కటే: సర్వజనుల తోట. రాజుల కాలమున రాజుల తోటలకు కొదువ లేదు. కాని పేరులోనే 'ఇది అందఱిది' అని చెప్పుకొనిన తోటలు అరుదు.

మా తాతగారు ఒక వ్యాజ్యెము పనిమీద చైత్రమాసమున హైదరాబాదు పోయి, వాయిదా పడగా దినమంతయు ఆ తోటలో గడపిరట. సత్రపు భోజనమునకు డబ్బు చాలక, ఇంటినుండి మూటకట్టి తెచ్చుకొనిన సద్దిరొట్టెలను ఒక వేపచెట్టు క్రింద కూర్చుండి తినిరట. తినుచుండగా వేపపూత తల మీదను, రొట్టెల మీదను రాలినదట. "ఆ యేడు ఉగాది పచ్చడి నాకు హైదరాబాదులోనే దొరికినది" అని చెప్పి నవ్వెడివారు. పిదప పులిని చూచిరి. నాడు నగరపు జంతుప్రదర్శనశాల ఆ తోటలోనే యుండెను. 1963 అక్టోబరు 6న నెహ్రూ జంతుప్రదర్శనశాల తెఱవబడిన కాలమున జంతువులను అచటికి తరలించిరి.

మాకు పదియేండ్ల వయస్సున తాతగారు మమ్ములను హైదరాబాదునకు తీసికొనిపోయిరి. మేము పులికై వెదకితిమి. ఆయన వేపచెట్టునకై వెదకిరి. పులి లేదు. చెట్టు మాత్రము ఇదియే యని ఆయన యొకదానిని చూపిరి. అది ఆ చెట్టే యగునో, మఱియొకటో మాకు తెలియదు. దాని మొదట చేయి పెట్టి ఆయన కొంతసేపు మాటాడక నిలిచిరి. పిదప "పోదము రా, బండి వేళయైనది" అనిరి.

ఆ తోటలో ఒకదాని వెంట నొకటిగా భవనములు లేచినవి. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖానుగారి నలువదియవ జన్మదినమునకు గుర్తుగా పౌరులు చందాలు వేసికొని కట్టించిన టౌనుహాలు 1913లో పూర్తియైనది. అదియే పిదప శాసనసభాభవనమైనది. జూబిలీహాలు ఆ ప్రాంగణములోనిదే. 1930లో తెఱచిన పురావస్తుప్రదర్శనశాలలో ఈజిప్టు దేశపు మమ్మీ కలదు; పిల్లలు మొదట అడుగునది దానినే. తరువాత బాలభవనము, లలితకళాతోరణము వచ్చినవి. వీనిలో ఏ యొక్కటియు పనికిరానిది యని మేమనము. అయినను వర్తకులకు తెలిసిన విషయమొకటి కలదు. దుకాణములో ఒక మూల నొక బీరువా పెట్టుదుము, అది అక్కఱయే. మఱుసటి యేడు మఱియొకటి పెట్టుదుము, అదియు అక్కఱయే. పదియేండ్లకు గిరాకి నిలుచుటకు చోటుండదు. తోటలో కట్టిన ప్రతి భవనమునకును చెట్టు నిలువవలసిన నేల కొంత ఖర్చగును. ఆ ఖర్చును ఏ పద్దులోను ఎవరును వ్రాయరు.

అయినను నేటికిని చైత్రమాసమున ఉదయపు నడకకు వచ్చినవారికి ఆ తోటలో వేపపూత వాసన తగులును. మాకు అది తగిలినప్పుడెల్ల తాతగారి రొట్టెలు జ్ఞాపకమునకు వచ్చును.

ఇక నేటి రాజధాని. రాయచూరునుండి బెంగుళూరునకు పోవు బండ్లలో ముంబయినుండి వచ్చు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. బండికే తోట యని పేరు! మఱియొక వింత చూడుడు. మన కర్ణాటక రాజధానికి పోవు ఆ బండి ఆదోని, గుంతకల్లు, హిందూపురముల మీదుగా పోవును. కన్నడసీమనుండి బయలుదేరి కన్నడసీమకు చేరుటకు దారిలో తెలుగునేలను దాటవలెను. మన బ్రతుకు కూడ ఇంచుమించు అట్టిదే.

బెంగుళూరులో చెప్పదగిన పాత తోటలు రెండు. లాల్‌బాగు 1760లో హైదరాలీ ఆరంభించినది. టిప్పుసుల్తాను దూరదేశములనుండి మొక్కలను విత్తనములను తెప్పించి దానిని పెంచెను. 1856లో అది ప్రభుత్వ సస్యశాస్త్రోద్యానమైనది. 1889లో లండను నగరపు స్ఫటికభవనము పోలికగా అచట గాజుమందిరమునకు శంకుస్థాపన జరిగినది. గణతంత్రదినమునకును స్వాతంత్ర్యదినమునకును జరుగు పుష్పప్రదర్శనములకు అదియే వేదిక. నేడు తోట వైశాల్యము సుమారు 240 ఎకరములు. నడుమ నొక బండ యున్నది. దాని వయస్సు ఇంచుమించు 300 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ బండమీద కెంపెగౌడ కాలపు గోపురమున్నది. దానియొద్ద నిలిచి చూచినచో 1760 కూడ నిన్నటి మాటవలె తోచును.

రెండవది కబ్బన్ పార్కు. 1870లో రిచర్డ్ శాంకీ అను ఇంజినీరు దానిని రూపొందించెను. మొదట మీడ్ పార్కు అని, పిదప కబ్బన్ పార్కు అని పేరు. 1927లో శ్రీ చామరాజేంద్ర ఉద్యానమని అధికారముగా మార్చిరి. కాని జనుల నాలుక పాత పేరును వదలలేదు. ఎఱ్ఱని హైకోర్టు భవనమును, శేషాద్రి అయ్యరు స్మారకభవనములోని గ్రంథాలయమును అచటనే చూడవచ్చును.

ఈ తోటలలో వసంతము పంచాంగము కొఱకు వేచియుండదు. మాఘ ఫాల్గుణములలోనే టబెబూయియా చెట్లు ఆకు రాల్చి, కొమ్మ కనబడకుండ గులాబివన్నె పూలు పూయును. అదే జాతిలో పసుపువన్నెదియు కలదు. వాని వెంట జకరండా. నేలమీద ఊదారంగు దుప్పటి పఱచినట్లుండును. చైత్రము నాటికి కానుగ చిగిర్చి పూయును. తరువాత తురాయి నిప్పువలె ఎఱ్ఱబారును. ఒకటి వాడుచుండగా మఱియొకటి పూయును.

ఇది దానంతట జరిగినది కాదు. జి. హెచ్. క్రుంబిగెల్ అను జర్మనీ దేశస్థుడు లండను నగరపు క్యూ ఉద్యానములో పనిచేసి, బరోడా సంస్థానమునకు వచ్చి, అచటినుండి 1908లో లాల్‌బాగునకు వచ్చెను. ఒక వీథిలో పూత ముగియునప్పటికి మఱియొక వీథి పూతకు రావలెనని ఆయన యెంచి, జాతి జాతికిని పూచు కాలము చూచి చెట్లను నాటించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుడను కారణమున ఆయనను నిర్బంధించిరి. అయినను ఆయన ఈ దేశమును విడువలేదు. 1956లో, అనగా మన జిల్లా మైసూరు రాష్ట్రములో చేరిన సంవత్సరముననే, బెంగుళూరులోనే కన్నుమూసెను. లాల్‌బాగు దరి నొక వీథికి ఆయన పేరున్నది. 1980 దశకమున అటవీశాఖాధికారి ఎస్. జి. నేగిన్‌హాళ్ లక్షలాది మొక్కలను నగరపు వీథులలో నాటించెను. మనము నేడు చూచి మెచ్చుకొను వసంతము వెనుక ఇట్టివారి లెక్క యున్నది.

ఇప్పుడు మా బాలుని ప్రశ్న దగ్గఱకు వచ్చుచున్నాము. బెంగుళూరు వసంతమని జనులు మెచ్చుకొను ఆ చెట్ల పుట్టినిండ్లు ఏవి? టబెబూయియా అమెరికాఖండపు నడిమిదేశములది. జకరండా దక్షిణ అమెరికాది. తురాయి మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. మన రాయచూరులోను నీడనిచ్చు నిద్రగన్నేరు కూడ అమెరికాఖండముదే. వాని ప్రక్కనే వేప, కానుగ, మోదుగ, రేల యను ఈ నేల చెట్లు పూయుచున్నవి. చెట్టు క్రింద నిలిచినవాడు నీడ చల్లగా నున్నదా యని చూచుకొనును. దాని యూరు ఏదని యడుగడు.

మనుష్యులలోను ఇట్టి దృష్టాంతము అచటనే కలదు. బెంగుళూరులో తిగళులను తోటమాలుల సమాజమున్నది. వీరి పూర్వులు తమిళదేశమునుండి వచ్చిరని చెప్పుదురు. తరతరములుగా ఆ నగరమునకు పూలు, కాయగూరలు పండించి ఇచ్చినవారు వీరు. చైత్రపూర్ణిమనాడు ధర్మరాయస్వామి గుడినుండి బయలుదేరు కరగ ఉత్సవము వీరిదే. ఆ ఊరేగింపు తవక్కల్ మస్తాను దర్గా యొద్దకు కూడ పోవును. నేడు బెంగుళూరువారు 'మా యూరి పండుగ' యని దేనిని చూపుదురన్నచో మొదట కరగనే చూపుదురు. తోటపనికి వచ్చినవారి పండుగ ఊరి పండుగయైనది.

తోటలను కాచుకొనుట విషయమునను బెంగుళూరువారు మనకు మార్గదర్శకులు. 1975లో ప్రభుత్వోద్యానముల సంరక్షణకు ప్రత్యేకముగా చట్టము చేసిరి. 1998లో కబ్బన్ పార్కు నేలలో కొంత భాగమును ఉద్యానపరిధినుండి తొలగించుటకు ప్రయత్నము జరుగగా పౌరులు వీథిలోనికి వచ్చిరి, న్యాయస్థానమునకు పోయిరి. తోటలో బీరువాలు పెట్టకుండ అడ్డుపడువారు ఎల్లప్పుడు ఉండవలెను.

రెండేండ్ల క్రిందట ఫాల్గుణమాసమున మేము లాల్‌బాగులో నొక వృద్ధుడైన తోటమాలిని పలుకరించితిమి. మేము కన్నడములో అడిగితిమి. మా పలుకుబడి విని ఆయన తెలుగులో బదులిచ్చెను. "మొక్క నాటుట గడియ పని, స్వామీ. మొదటి మూడు వేసవులు దానికి నీరు పోయుటయే పని. మూడు వేసవులు దాటించితిరా, వేరు నీటిని తానే వెదకికొనును" అనెను. ఇంతకంటె ఆయన ఏమియు చెప్పలేదు. గొట్టము చేతబట్టుకొని ముందునకు సాగెను.

ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. ఏల సిగ్గుపడితిమో ఇచట చెప్పక తప్పదు. అంతకు మూడేండ్ల ముందు మన సంఘము పక్షమున ఈ సభామందిరపు దారిలో ఇరువది మొక్కలు నాటితిమి. శాలువలు కప్పుకొంటిమి. ఛాయాచిత్రము తీయించుకొంటిమి. అది మన పత్రికలోనే అచ్చయినది; మేమే నడుమ నిలిచియున్నాము. ఆ కార్యమునకు బాధ్యులము మేమే. పిదప వేసవి వచ్చినది. మన రాయచూరు వేసవి మీకు చెప్పవలసినది కాదు. నలువది డిగ్రీలు దాటిన యెండ. నీరు పోయుట ఎవరి పనియో వ్రాసికొనలేదు గనుక ఎవరును పోయలేదు. రెండవ వేసవి ముగియునప్పటికి పదునేడు ఎండిపోయినవి. మిగిలినవి మూడు.

ఆ మూడును ఏల మిగిలినవో కొంతకాలమునకు గాని మాకు తెలియలేదు. మలుపులో చాయదుకాణము నడుపు అవ్వ, గ్లాసులు కడిగిన నీటిని ప్రతిదినము వాని మొదట పోయుచుండెను. ఆమె కన్నడిగురాలు. "మీరు మరచిపోయితిరని పోసితిని" అని ఆమె మామూలుగా చెప్పెను. ఆ మూడును కానుగలే. ఈ చైత్రమున అవి చిగిర్చినవి. సభకు వచ్చునప్పుడు మీరందఱును వాని నీడనే చెప్పులు విడిచితిరి.

సోదరులారా, తరతరములనుండి ఇచట నున్నామని మనము చెప్పుకొందుము. నిజమే. మన యిండ్లు, దుకాణములు, గుడులు ఇచట నున్నవి. అయితే ఊరితోటకు మనము పోసిన నీరెంత యని యెవరైన అడిగినచో చూపుటకు మన చేతిలో నేమున్నది? ఆ బాలుని ప్రశ్నకు బదులు జనాభా లెక్కలలో దొరకదని మాకు తోచుచున్నది.

హైదరాబాదు బాగే ఆములో 'ఆం' అనగా సర్వజనులు. మన కోట దరి నున్న ఆం తలాబులో 'ఆం' అనగా మామిడి. కన్నడములో దానిని మావినకెరె అందురు. చెరువు పేరులో మామిడి యున్నది. గట్టున మామిడి చెట్లెన్ని యున్నవో వచ్చు ఆదివారము పిల్లలను తీసికొనిపోయి లెక్కించి రండు. చెవికి రెండు 'ఆం'లును ఒక్కటే. ఊరి చెరువు, ఊరి తోట, ఊరి నీడ అందఱివి. అందఱివి గనుకనే ఎవరివియు కాక ఎండిపోవు ప్రమాదమున్నది.

కావున కార్యవర్గమునకు మా సూచన ఇది. మొక్కలను ఇప్పుడు నాటవద్దు. ఆషాఢమున వానలు పడి నేల తడిసిన పిదప నాటుదము. ఇరువది వలదు, కాచుకొనగలిగినన్ని చాలును, పది యనుకొందము. వేప, కానుగ, మోదుగ, రేల వంటివి మన యెండకు తాళును. చెట్టున కొక కుటుంబము చొప్పున పేరు వ్రాయుదము. ఏ వారమున నెవరు నీరు పోయవలెనో, పోసిరో లేదో, ఆ పద్దు నొక పుస్తకములో ఉంచుదము. మూడు వేసవులు గడచువఱకు శాలువలు వలదు, ఛాయాచిత్రము వలదు. చెట్టు పేరును పలకపై కన్నడములోను తెలుగులోను వ్రాయుదము: బేవు, వేప, హొంగె, కానుగ, ముత్తుగ, మోదుగ, కక్కె, రేల. వీథిలోని ఇరుగుపొరుగువారిని కూడ పిలుతము. చాయదుకాణపు అవ్వ చేత మొదటి మొక్క నాటింతము. ఆమె మనకంటె ముందే మొదలుపెట్టినది గదా!

ఆ పద్దుపుస్తకము వ్రాయు పనిని గత సంవత్సరము ప్రశ్న యడిగిన బాలునికి అప్పగింపవలెనని మా కోరిక. వాడు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. దస్తూరి బాగుగ నున్నదని వాని నాయనమ్మ చెప్పినది. నాయనా, నీ ప్రశ్నకు మేము నేడును పూర్తిగా బదులు చెప్పలేదు. మూడు వేసవులు ఆ పుస్తకము వ్రాయుము. నాలుగవ ఉగాదినాడు ఈ వేదికనెక్కి నీవే బదులు చెప్పుము. మేము ముందు వరుసలో కూర్చుండి విందుము.

చేదు, తీపి, పులుపు కలసిన పచ్చడి అందఱకును సిద్ధముగా నున్నది. ఈ నూతన సంవత్సరము మీ యిండ్లను, మన యూరిని చల్లగా నుంచు గాక. సెలవు.